కనబడని వెలుగు

చీకటి గదిలో టార్చిలైటు వెలిగించి, దాని ముఖమును చేతి వ్రేళ్లతో గట్టిగా మూసి చూచినచో వ్రేళ్ల అంచులు ఎర్రగా ప్రకాశించును. ఈ ఆట ఎరుగని పిల్లలు లేరు. దీపమునుండి వెలువడినది తెల్లని కాంతి. వ్రేళ్లను దాటి వచ్చినది ఎర్రని కాంతి. తెల్లని కాంతిలో ఊదా మొదలుకొని ఎరుపు వరకు అన్ని రంగులును కలవు. అందు నీలము, ఆకుపచ్చ మొదలగు రంగులను రక్తము పీల్చివేయగా, ఎరుపు మాత్రము కొంత తప్పించుకొని వెలుపలికి వచ్చుచున్నది. మరియొక విశేషము కూడ కలదు. వ్రేళ్లలో ఎముకలున్నను వాని నీడ స్పష్టముగా కనబడదు. పుష్యమాసపు తెల్లవారుజామున కృష్ణ కరకట్టమీద మంచులో వచ్చు లారీ దీపము ఒక వెలుగు ముద్దవలె కనబడును గదా! అట్లే మాంసమందు ప్రవేశించిన కాంతియు చెదరి నలుదిక్కులకు వ్యాపించును. అందుచే నీడలు చెరగిపోవును.

ఈ చిన్న ఆటయందే ఒక గొప్ప వైద్యసాధనమునకు మూలము దాగి యున్నది. అప్పుడే పుట్టిన శిశువు తలను కోయక, గ్రుచ్చక, నొప్పింపక, లోపలి మెదడునకు ప్రాణవాయువు చాలినంత అందుచున్నదో లేదో కాంతి సహాయముతో తెలిసికొను విద్య అది.

కాన్పుగది వెలుపల నిలిచిన వారందరును ఎదురుచూచునది శిశువు మొదటి ఏడుపు. బిడ్డ ఏడ్చినదనగానే ఇంటివారి ముఖములు వికసించును. ఏడ్చినపుడే గదా ఊపిరితిత్తులలోనికి గాలి చక్కగా ప్రవేశించినదని తెలియును! తల్లి గర్భమందున్నంత కాలము శిశువు గాలి పీల్చుకొనదు. దానికి వలసిన ప్రాణవాయువు తల్లి రక్తమునుండి మాయకును, మాయనుండి బొడ్డుత్రాడు ద్వారా శిశువునకును చేరును. పుట్టిన క్షణమున ఆ ఏర్పాటు ముగిసి, ఊపిరితిత్తులు తమ పని అందుకొనవలెను. ఈ మార్పు నడుమ ఆటంకము కలుగవచ్చును. బొడ్డుత్రాడు నొక్కుకొనవచ్చును, మాయ ముందుగనే విడిపోవచ్చును, కాన్పు మిక్కిలి కష్టము కావచ్చును. ఏ కారణముచేతనైనను ప్రాణవాయువు కొరవడినపుడు మొదట చిక్కులో పడు అవయవములలో మెదడు ముఖ్యమైనది.

మెదడు శరీరమందు చిన్న భాగమే కాని, దాని ఆకలి పెద్దది. పెద్దవారి శరీరపు బరువులో మెదడు నూటికి సుమారు 2 వంతులు మాత్రమే. అయినను శరీరము ఖర్చుచేయు ప్రాణవాయువులో నూటికి సుమారు 20 వంతులు అదియే వాడుకొనును. దానికి నిలువచేసికొను శక్తి లేదు. ఎప్పటికప్పుడు రక్తము తెచ్చి ఇయ్యవలసినదే. కొలది నిమిషములు సరఫరా తప్పినచో మెదడు కణములు దెబ్బతినును. వైద్యులు శిశువును బ్రతికించిన పిమ్మట కూడ తల్లి మనస్సున ఒక ప్రశ్న మిగిలియుండును. "బిడ్డ తల బాగున్నదా? రేపు కూర్చుండునా? నడచునా? అమ్మా యని పిలుచునా?" శిశువు చెప్పలేదు. నెలలు గడచి, ఎదుగుదలలో లోపము కనబడిన తరువాత తెలిసికొనిన ప్రయోజనము తక్కువ. తొలి గంటలలోనే తెలియవలెను. పెద్ద అయస్కాంత యంత్రములతో మెదడు చిత్రమును తీయవచ్చును. కాని అందుకు ప్రాణాపాయములో నున్న పసికందును పడకనుండి కదల్చి ఆ యంత్రమున్న గదికి తీసికొనిపోవలెను. అది చూపునది ఆ గడియలోని స్థితి మాత్రమే. శిశువు ప్రక్కనే ఉండి, రేయింబవళ్లు కావలి కాయు సాధన మొకటి కావలసి వచ్చెను.

అట్టి సాధనమునకు దారి చూపినది ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1781 లో యురేనసు గ్రహమును కనుగొనిన విలియం హెర్షెల్, 1800 సంవత్సరమున ఇంగ్లండులో ఒక ప్రయోగము చేసెను. సూర్యకాంతిని గాజుపట్టకముతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగునందు ఉష్ణమాపకము నుంచి వేడిని కొలిచెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును కనబడని చోట కూడ ఉష్ణమాపకము పైకి ఎగబ్రాకెను! అచట కంటికి కనబడని కిరణములు ఉన్నవని దాని అర్థము. వానికే పరారుణ కిరణములని పేరు. వానిలో ఎరుపునకు అంటియున్న భాగము సమీప పరారుణము. కాంతి తరంగపు పొడవును నానోమీటర్లలో కొలుతురు. మీటరును వంద కోట్ల భాగములు చేసిన ఒక భాగము నానోమీటరు. మన కంటికి కనబడు కాంతి సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు ఉండును. 650 మొదలు 950 వరకు గల కాంతిని రక్తము గాని, నీరు గాని ఎక్కువగా పీల్చుకొనవు. శరీరమను ఇంటికి అది తెరచియుంచిన కిటికీవంటిది.

ఇక రక్తమును గూర్చి తెలిసికొనవలెను. రక్తములో హీమోగ్లోబిన్ అను పదార్థము కలదు. అది ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎత్తుకొని, శరీరమంతట పంచిపెట్టును. ప్రాణవాయువును మోయుచున్నపుడు దాని రంగు మెరయు ఎరుపు. దింపివేసిన తరువాత ముదురు ఎరుపు. ఈ భేదము సమీప పరారుణ కాంతియందు కూడ కలదు. సుమారు 760 నానోమీటర్ల కాంతిని వట్టి హీమోగ్లోబిన్ అధికముగా పీల్చుకొనును. 800 దాటిన కాంతిని ప్రాణవాయువుతో కూడిన హీమోగ్లోబిన్ అధికముగా పీల్చుకొనును. కావున రెండు రకముల కాంతిని పంపి, ఏది ఎంత తిరిగి వచ్చినదో కొలిచినచో, మోయుచున్న హీమోగ్లోబిన్ ఎంతయో, వట్టి చేతులతో నున్నది ఎంతయో లెక్కకు వచ్చును.

2020 లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు పల్లెటూళ్లలో సైతము వ్రేలికి తగిలించుకొనిన చిన్న యంత్రము ఈ సూత్రముపైననే పని చేయును. దాని పేరు పల్స్ ఆక్సీమీటరు. జపాను దేశస్థుడైన టకువో అవొయాగి 1970 ల తొలి భాగమున దానికి మూలసూత్రము కనుగొనెను. అయితే ఒక సందేహము కలుగవచ్చును. వ్రేలికి తగిలించిన యంత్రమే ప్రాణవాయువును చెప్పుచుండగా, తలకు వేరొక యంత్రమెందులకు?

దీనికి సమాధానము కృష్ణా డెల్టా రైతు నడిగిన చెప్పగలడు. విజయవాడ యొద్ద 1855 లో పూర్తియైన పాత ఆనకట్టకు బదులుగా 1957 లో ప్రకాశం బారేజి సిద్ధమైనది. అచటినుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మొదలగునవి డెల్టాకు నీరు తీసికొని పోవుచున్నవి. బారేజి యొద్ద కొలబద్ద నిండు నీటిని చూపవచ్చును. కాని దివిసీమలోని చివరి పొలమునకు నీరు చేరినదా లేదా అను సంగతి ఆ కొలబద్ద చెప్పలేదు. నడుమ గండి పడియుండవచ్చును, కాలువ పూడియుండవచ్చును. చివరి పొలము సంగతి ఆ పొలముగట్టుపై నిలిచి చూచినగాని తెలియదు. పల్స్ ఆక్సీమీటరు గుండెనుండి వెడలు ధమనులలోని రక్తమును కొలుచును. అది బారేజి యొద్ద కొలబద్దవంటిది. మెదడు చివరి పొలమువంటిది. అచటికి రక్తము ఎంత చేరినది, వచ్చిన ప్రాణవాయువులో మెదడు ఎంత వాడుకొనగా ఎంత మిగిలినది అను విషయములు తెలియవలెనన్నచో మెదడుపైననే కాంతిని ప్రసరింపజేయవలెను.

ఇట్లు చేయవచ్చునని మొదట చూపినవాడు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రాన్స్ యోబ్సిస్. 1977 లో సమీప పరారుణ కాంతి పుర్రెయెముకను దాటి మెదడును చేరి మరల వెలుపలికి రాగలదనియు, దానిచే మెదడులోని ప్రాణవాయువు స్థితిని కనిపెట్టవచ్చుననియు ఆయన ప్రకటించెను. ఆయనతో కలిసి జేన్ బ్రేజీ అను వైద్యురాలు నెలలు నిండక పుట్టిన శిశువులపై దీనిని ప్రయోగించి, 1985 లో ఫలితములు వెల్లడించెను. మరుసటి సంవత్సరమే లండను యూనివర్సిటీ కాలేజీలో జాన్ వయట్, డేవిడ్ డెల్పీ, ఆస్మండ్ రెనాల్డ్స్ మొదలగువారు జబ్బుపడిన నవజాత శిశువుల మెదడులోని ప్రాణవాయువును, రక్తమును అంకెలలో కొలిచి చూపిరి.

ఈ విద్యకు పసివారి తల మిక్కిలి అనుకూలమైనది. శిశువు పుర్రె పలుచన, తల చిన్నది, మాడు ఇంకను మెత్తగానే యుండును. నుదుటిపై ఒక మెత్తని పట్టీ అంటింతురు. అందు ఒకచోట కాంతి నిచ్చు చిన్న దీపమును, రెండుమూడు సెంటీమీటర్ల దూరమున కాంతిని పసిగట్టు కన్నును ఉండును. దీపమునుండి బయలుదేరిన కాంతి చర్మమును, ఎముకను దాటి, మెదడు పైపొరలో చెదరి, అరటిపండువలె వంగిన దారిలో తిరిగి ఆ కన్నును చేరును. వచ్చునది లేశమాత్రమే; ఆ లేశమే అంకెలుగా మారి తెరపై కనబడుచుండును. ఎక్స్‌రే కిరణములవలె ఈ కాంతి కణములకు హాని చేయునది కాదు. శిశువు నిద్రించుచునే యుండును. యంత్రము మేలుకొని కావలి కాయుచుండును.

కాని పొలములో నీరు నిండుగా నున్నంత మాత్రమున పైరు బాగున్నదని చెప్పవచ్చునా? ఎండిపోయిన పైరు నీరు త్రాగదు. అప్పుడును మడినిండ నీరు నిలిచియే యుండును. మెదడు విషయమును అట్టిదే. ప్రాణవాయువు అంకె మిక్కిలి తగ్గుట ఎట్లు అపాయమో, దెబ్బతగిలిన మెదడులో ఆ అంకె మిక్కిలి పెరుగుటయు ఒక్కొక్కప్పుడు అట్టి అపాయసూచనయే. కణములు శక్తిహీనములై ప్రాణవాయువును వాడుకొనలేకపోవుచున్నవని అది తెలుపవచ్చును. కావున వచ్చిన ప్రాణవాయువుతో కణము తన పని చేయుచున్నదా అను ప్రశ్నకు కూడ జవాబు కావలెను. ఈ జవాబు వెదకుటలో ఒక తెలుగువాని కృషి పునాదిగా నిలిచినది.

భీమవరములో 1895 జనవరి 12 వ తేదీన జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు వెళ్లి హార్వర్డు వైద్య విద్యాలయములో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధనలు చేసెను. శరీరద్రవములందు భాస్వరమును కొలుచుటకు వారిరువురు 1925 లో ప్రకటించిన పద్ధతి వారి పేరుతోనే ప్రసిద్ధి చెందినది. ఆ పద్ధతిని చేతబట్టి 1927 లో వారు కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1929 లో ఏ.టి.పి. అను పదార్థమును గూర్చి ప్రకటించిరి; జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే కాలమున వేరుగా దానిని కనుగొనెను. కణము చేయు ప్రతి పనికిని ఖర్చగు రొక్కము ఏ.టి.పి. అనుకొనినచో, ఆ రొక్కము తరిగినపుడు వెంటనే పూరించు చేబదులు ఫాస్ఫోక్రియాటిన్. మెదడు కణములకును ఇవియే ఆధారములు.

సుబ్బారావు 1948 లో మరణించెను. ఆయన మరణించిన 35 సంవత్సరములకు, అనగా 1983 లో, లండనులోని ఆ వైద్యబృందమే అయస్కాంత యంత్రముతో నవజాత శిశువుల మెదడులోని భాస్వర పదార్థములను వెలుపలనుండియే కొలిచెను. తరువాతి పరిశోధనలలో ఒక ముఖ్యవిషయము బయటపడినది. కాన్పు సమయమున ప్రాణవాయువు అందని శిశువులలో మొదటి దినమున ఫాస్ఫోక్రియాటిన్ బాగుగనే యున్నట్లు తోచును. కాని తరువాతి దినములలో అది క్రమముగా తగ్గిపోవుచు వచ్చును. ఎంత ఎక్కువగా తగ్గినచో శిశువు భవిష్యత్తు అంత కష్టము. అనగా దెబ్బ ఒక్కమారుగా ముగియుట లేదు. మొదటి దెబ్బకును రెండవ దెబ్బకును నడుమ కొన్ని గంటల వ్యవధి యున్నది. చికిత్సకు అవకాశము ఆ వ్యవధిలోనే కలదు! హార్వర్డు ప్రయోగశాలలో కండరపు ముక్కలనుండి వెలికితీసిన పదార్థము, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట పసికందుల ప్రాణరక్షణకు గడియారమైనది.

ఆ అయస్కాంత యంత్రమును శిశువు పడక ప్రక్కకు తెచ్చుట సాధ్యము కాదు. అందుచే శాస్త్రజ్ఞులు మరల కాంతివైపు చూచిరి. కణములలో ప్రాణవాయువును తుదకు అందుకొని వాడుకొను పదార్థమొకటి కలదు. దాని పేరు సైటోక్రోం ఆక్సిడేజు. అందులోని రాగిపరమాణువుల స్థితిని బట్టి అది పీల్చుకొను సమీప పరారుణ కాంతి మారుచుండును. హీమోగ్లోబిన్ కంటె ఇది మిక్కిలి తక్కువ పరిమాణములో నుండుటచే, రెండు మూడు రంగుల కాంతి చాలదు. అనేక రంగులను ఒక్కమారు పంపి లెక్కింపవలెను. లండను పరిశోధకులు అట్టి యంత్రములను నిర్మించి దెబ్బతిన్న శిశువులపై పరీక్షించుచున్నారు. పైరు నీరు త్రాగుచున్నదా అను ప్రశ్నకు గట్టుమీదనుండియే జవాబు చెప్పు ప్రయత్నము ఇది.

ఇంత నేర్పుగల సాధనము దొరకిన తరువాత శిశువులందరును రక్షింపబడిరని తలచుట తొందరపాటగును. శాస్త్రము ఆశను కూడ పరీక్షకు పెట్టును. నెలలు మిక్కిలి తక్కువగా పుట్టిన 1,601 మంది శిశువులపై 17 దేశములలో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితములు 2023 లో వెలువడినవి. సగము మందికి తొలి మూడు దినములు నుదుటిపై కాంతియంత్రము నుంచి, అది చెప్పినట్లు చికిత్స మార్చిరి. తక్కిన వారికి మామూలు చికిత్స చేసిరి. మరణము గాని, మెదడునకు తీవ్రమైన గాయము గాని కలిగినవారు యంత్రమున్న వర్గములో నూటికి 35 మంది, లేని వర్గములో నూటికి 34 మంది. అనగా భేదము కనబడలేదు. తెలిసికొనుట వేరు, తెలిసినదానితో నయము చేయగలుగుట వేరు.

చికిత్స విషయమునను ఇట్టి పాఠమే కలదు. ప్రాణవాయువు అందక దెబ్బతిన్న శిశువును, పుట్టిన 6 గంటలలోపల మొదలుపెట్టి, 72 గంటలపాటు సుమారు 33.5 డిగ్రీల చల్లదనమున నుంచుట సంపన్న దేశములలో మేలు చేసినది. మొదటి దెబ్బకును రెండవ దెబ్బకును నడుమనున్న వ్యవధిని అది వినియోగించుకొనినది. ఇదే చికిత్సను భారత, శ్రీలంక, బంగ్లాదేశములలోని 7 ఆసుపత్రులలో 408 మంది శిశువులపై పరీక్షింపగా, 2021 లో వెలువడిన ఫలితము వైద్యులను ఆశ్చర్యపరచినది. చల్లబరచిన వారిలో నూటికి 42 మంది మరణింపగా, చల్లబరచని వారిలో నూటికి 31 మంది మరణించిరి. ఈ ప్రాంతపు శిశువులలో గాయము కాన్పునకు ముందే మొదలగుచుండవచ్చునని పరిశోధకులు భావించిరి. ఒక దేశమున మేలు చేసిన మందు మరియొక దేశమున కీడు చేయవచ్చును. కావున మన శిశువుల స్థితిని మనమే కొలిచి తెలిసికొనవలెను. గాయము ఎప్పుడు మొదలైనది, ఏ శిశువునకు ఏ చికిత్స తగును అను విషయములలో శిశువు పడక ప్రక్కనే పని చేయు ఈ కాంతియంత్రములు మున్ముందు సాయపడగలవని ఆశ.

ఇట్టి యంత్రములు అన్ని ఆసుపత్రులలోను ఇంకను లేవు. ఉన్నచోట కూడ ఒక యంత్రపు అంకెకును మరియొక యంత్రపు అంకెకును కొంత భేదముండును. అనుభవముగల వైద్యుని కన్నును, నర్సు శ్రద్ధయు వానికి తోడు కావలెను. అన్నిటికంటె ముందు మెదడునకు దెబ్బ తగులకుండ చూచుకొనుట మేలు. గర్భిణి క్రమముగా పరీక్షలు చేయించుకొనుట, కాన్పు ఆసుపత్రిలో జరుగుట, నొప్పులు మొదలైనపుడు ఆలస్యము చేయక 2005 నుండి రాష్ట్రమున నడచుచున్న 108 వాహనమును పిలుచుట, ఏడ్వని శిశువునకు మొదటి నిమిషములోనే ఊపిరి అందించుట ఎరిగిన వారు కాన్పుగదిలో నుండుట: వీనికి సాటివచ్చు యంత్రము లేదు. దివిసీమ చివరి గ్రామమందలి తల్లికి ఇవి అందినపుడే విజ్ఞానము చివరి పొలమునకు పారినట్లు.

హెర్షెల్ నక్షత్రములను చూచువాడు. సుబ్బారావు కండరములలో భాస్వరమును కొలిచినవాడు. నవజాత శిశువు మెదడు వారి ఊహకు రాలేదు. అయినను వారు సత్యమును శ్రద్ధతో కొలిచి వదలిరి. ఆ కొలతలే నేడు మాటలురాని పసికందు పక్షమున మాటలాడుచున్నవి. అరచేతి వెనుక ఎర్రగా వెలుగు దీపమును చూచి "ఎందువలన?" అని అడుగు బాలుడు గాని, బాలిక గాని, ఆ కొలతలకు మరియొక కొలతను చేర్చగలరు.